మీ ప్రశ్నలు, నా జవాబులు: పార్షియల్ క్లోన్ గురించి రాసేటప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోడు. రిపాజిటరీ (గిట్ అనే పనిముట్టు కోడునూ దాని మార్పుల చరిత్రనూ దాచే చోటు) పెరిగిపోయింది, క్లోన్ (దాని నకలును మన యంత్రంలోకి దించుకోవడం) ఎంతకీ తెమలదు, ఎవరో పార్షియల్ క్లోన్ (కొంత సరుకు వదిలి దించుకోవడం) చేయమన్నారు, చేశాక కొత్త తలనొప్పి మొదలైంది. మా డాక్యుమెంటేషన్‌లో ఇదేమీ రాయలేదేమని అడిగినవాళ్లూ ఉన్నారు, ఆ డాక్యుమెంటేషన్ రాసినవాళ్లూ ఉన్నారు. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు జరిపి ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. ఎప్పటిలాగే కమాండ్లను తెలుగు అక్షరాల్లోనే అచ్చువేస్తున్నాం. టెర్మినల్లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేసుకోండి.

ప్ర: మేడమ్, ఈమధ్యే ఒక పెద్ద ప్రాజెక్టులో చేరాను. రీడ్‌మీలో ‘గిట్ క్లోన్ --డెప్త్=1’ అని ఉంది. మా సీనియర్ ఒకాయన అది వద్దు, ‘--ఫిల్టర్=బ్లాబ్:నన్’ పెట్టు అంటున్నారు. రెండూ తక్కువ దించుకోవడానికే కదా, తేడా ఏమిటి?

జ: రెండూ తక్కువే దించుతాయి. కానీ ఒకటి వదిలేసేది రెండోది వదిలేయదు.

గిట్ దాచే వస్తువుల్లో మీకిప్పుడు కావలసినవి మూడు. ఫైలు లోపలి సరుకు బ్లాబ్. ఏ ఫోల్డరులో ఏ పేరుతో ఏ బ్లాబ్ ఉందో చెప్పేది ట్రీ. ఆ ట్రీని ఎవరు, ఎప్పుడు, దేని తర్వాత ఉంచారో చెప్పేది కమిట్. ఏళ్ల తరబడి నడిచిన రిపాజిటరీలో బరువు ఎక్కువగా బ్లాబ్‌లదే. ప్రతి ఫైలుకూ పుట్టినప్పటి నుంచి ఉన్న రూపాలన్నీ అక్కడ పేరుకుంటాయి.

డెప్త్=1 చరిత్రను నరికేస్తుంది. చివరి కమిట్, దాని ట్రీలు, బ్లాబ్‌లు తప్ప మరేమీ రావు. పైగా ఒక్క బ్రాంచే (చరిత్రలో ఒక పాయే) వస్తుంది. అలాంటి క్లోన్‌లో ఏదైనా ఫైలు మీద గిట్ బ్లేమ్ (ఏ వరుసను చివరిగా ఎవరు మార్చారో చెప్పే కమాండ్) నడిపి చూడండి. ఫైల్లోని ప్రతి వరుసా ఆ చివరి కమిట్ చేసిన మనిషి ఖాతాలోకే పోతుంది. నిన్న సాయంత్రం ఒక కామా సరిచేసినాయన ప్రాజెక్టు మొత్తానికీ రచయిత అయిపోతాడు! కమిట్ సంఖ్య ముందు చిన్న టోపీ గుర్తు ఉంటుంది, ‘ఇంతకు ముందుది నా దగ్గర లేదు’ అని గిట్ చెప్పడం అది. కొత్తగా చేరినవాళ్లకు ఆ గుర్తు ఎవరు చెప్పారు గనుక?

బ్లాబ్:నన్ చరిత్ర జోలికి పోదు. కమిట్లన్నీ, ట్రీలన్నీ, బ్రాంచిలన్నీ వస్తాయి. పాత బ్లాబ్‌లు మాత్రం సర్వర్ దగ్గరే ఉండి, అవసరం పడినప్పుడు దిగుతాయి. గ్రంథాలయంలో జాబితా మొత్తం మీ చేతికిచ్చి, పుస్తకాన్ని అడిగినప్పుడు తెచ్చిపెట్టే పద్ధతి అనుకోండి. రోజూ కోడు రాసే మనిషికి మీ సీనియర్ చెప్పిందే సరి. డెప్త్=1 ఒకసారి బిల్డ్ చేసి (కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చి) ఫోల్డరు పారేసే యంత్రాలకు బాగుంటుంది. మీ రీడ్‌మీ బహుశా ఆ యంత్రం స్క్రిప్టు నుంచి తెచ్చి అతికించింది అయివుంటుంది. నేను చూసిన రీడ్‌మీల్లో ఈ అతుకు చాలా మామూలు.

ప్ర: మా సంస్థలో అంతర్గత డాక్యుమెంటేషన్ రాసేది నేనే. పార్షియల్ క్లోన్ మీద ఒక పేజీ రాశాను. బ్లాబ్:నన్, బ్లాబ్:లిమిట్, ట్రీ:0, స్పార్స్:ఓఐడీ అన్నింటినీ ఒక పట్టికలో పెట్టాను. మొదటి పేరా ఇది: ‘పార్షియల్ క్లోన్ వల్ల పెద్ద రిపాజిటరీలను వేగంగా దించుకోవచ్చు. కింది ఫిల్టర్లలో మీ అవసరానికి తగినదాన్ని ఎంచుకోండి.’ అయినా రోజూ ఎవరో ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చి ‘ఇంతకీ ఏది వాడమంటారు’ అని అడుగుతున్నారు. ఇంకా వివరంగా రాయాలా?

జ: వద్దండీ, ఇంకా వివరంగా రాస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు.

మీ పేరాలో ‘మీ అవసరానికి తగినదాన్ని’ అన్న మాట మీద వేలు పెట్టండి. పాఠకుడు ఆ పేజీ తెరిచిందే అది తెలుసుకోవడానికి. మీకు తెలిసినదాన్ని దాచుకుని, అతనికి తెలియనిదాన్ని అతన్నే తేల్చుకోమన్నారు. మీ పట్టిక గిట్ దృష్టిలో చక్కగా ఉంది, ప్రతి ఫిల్టరుకూ ఒక గడి. పాఠకుడి తలలో ఉండేది ఫిల్టరు కాదు, పని. ‘నేను బగ్ సరిచేయాలి’, ‘నేను బిల్డ్ యంత్రాన్ని అమర్చాలి’, ‘ఈ లోపం ఏ ఏడాది చొరబడిందో తవ్వాలి’. పేజీని అలా విడదీస్తే పట్టిక అవసరం చాలావరకు తీరిపోతుంది.

రెండోది, దీన్ని నేను గట్టిగా చెబుతాను, ‘వేగంగా’ అన్న మాట. పార్షియల్ క్లోన్ ఖర్చును తీసేయదు, వాయిదా వేస్తుంది. క్లోన్ చేసేటప్పుడు దిగని బ్లాబ్ మీరు పాత కమిట్‌కు మారినప్పుడో, బ్లేమ్ నడిపినప్పుడో దిగుతుంది. అప్పుడు నెట్‌వర్క్ ఉండాలి, సర్వర్ పలకాలి. కొందరికి ఆ వాయిదా ఎప్పటికీ తీర్చాల్సిన పని పడదు, వాళ్లకు అంతా లాభమే. కొందరికి ఆ మధ్యాహ్నమే మీద పడుతుంది. ఎవరికి ఎప్పుడు పడుతుందో చెప్పని పేజీ ఎంత పొడుగున్నా సగం పేజీయే.

మీరు రాసినదాన్ని నేనైతే ఇలా మారుస్తాను:

‘ఈ రిపాజిటరీలో రోజూ పని చేసేవారు: గిట్ క్లోన్ --ఫిల్టర్=బ్లాబ్:నన్, తర్వాత చిరునామా. చరిత్ర అంతా వస్తుంది, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం రాదు. టెర్మినల్లో దిగుమతి లెక్క రెండుసార్లు కనిపిస్తుంది, కంగారు పడకండి. మొదటిది కమిట్లూ ట్రీలూ, రెండోది మీ ఫోల్డరులో ఇప్పుడు ఉండాల్సిన ఫైళ్లు. బ్లేమ్, లాగ్ -పీ (ప్రతి కమిట్‌లో మారిన వరుసలు చూపేది), పాత బ్రాంచికి మారడం వంటి పనులకు ఆ తర్వాత కూడా నెట్‌వర్క్ కావాలి, మొదటిసారి ఆలస్యమవుతుంది. ఒకసారి దిగింది మీ దగ్గరే ఉంటుంది.

పని కాగానే ఫోల్డరును చెరిపేసే బిల్డ్ యంత్రాలు: --డెప్త్=1.

పాత చరిత్రను రోజుల తరబడి తవ్వేవారు: ఏ ఫిల్టరూ వద్దు. పూర్తి క్లోన్ చేసుకోండి. రాత్రి పెట్టి వదిలేయండి.’

పొట్టిగా ఉంది కదా? ఇందులో బ్లాబ్:లిమిట్ లేదు. మీ రిపాజిటరీలో భారీ చిత్రాలో వీడియోలో కమిట్ అయివుంటేనే దాని గురించి ఒక పేరా కలపండి. బ్లాబ్:లిమిట్=1ఎం అంటే ఒక మెగాబైటు, ఆపైన ఉన్న బ్లాబ్‌లు మాత్రమే ఆగిపోతాయి, చిన్నవన్నీ వచ్చేస్తాయి. కోడు మీద బ్లేమ్ హాయిగా నడుస్తుంది, బొమ్మల పాత రూపాలు మాత్రం అడిగినప్పుడు దిగుతాయి. అలాంటి రిపాజిటరీలకు ఇది బ్లాబ్:నన్ కంటే మేలు, ఎందుకో జనం దీన్ని పట్టించుకోరు. స్పార్స్:ఓఐడీని పేజీలోంచి తీసేయండి. ఏ వస్తువులు ఇవ్వాలో లెక్కకట్టే భారమంతా సర్వర్ మీద పడుతుంది కాబట్టి నిర్వాహకులు దాన్ని మూసి ఉంచే అవకాశమే ఎక్కువ. మీ సర్వర్ ఒప్పుకోని కమాండ్‌ను మీ పేజీలో పెట్టడం దేనికి?

ఇంకొకటి. కమాండ్ పని చేసిందో లేదో చూసుకునే దారిని పేజీలోనే ఇవ్వండి. ‘గిట్ కాన్ఫిగ్ రిమోట్.ఆరిజిన్.పార్షియల్‌క్లోన్‌ఫిల్టర్’ అని కొడితే బ్లాబ్:నన్ అని జవాబు రావాలి. కాస్త లోపలికి వెళ్లే పాఠకులుంటే డాట్-గిట్ ఫోల్డరులోని ఆబ్జెక్ట్స్, అందులో ప్యాక్ ఫోల్డరు తెరిచి చూడమనండి. పెద్ద ప్యాక్ ఫైలు పక్కనే అదే పేరుతో, చివర ‘ప్రామిసర్’ అని ఉన్న చిన్న ఫైలు కనిపిస్తుంది. ఈ ప్యాక్‌లోని వస్తువులు ప్రస్తావించేవి ఇక్కడ లేకపోయినా సర్వర్ ఇస్తుందని గిట్ గుర్తు పెట్టుకునేది దానితోనే. ఆ గుర్తు లేకపోతే లోటుగా ఉన్న ప్రతి బ్లాబ్‌నూ గిట్ పాడైన రిపాజిటరీ కింద లెక్క కడుతుంది. ఆ ఫైలును ‘చెత్త’ అనుకుని చెరిపేయవద్దని కూడా ఒక వాక్యం రాయండి. చెరిపేసేవాళ్లు ఉంటారు.

ప్ర: మీరు గతంలో ఒక జవాబులో సూచించినట్టు బ్లాబ్:నన్ వాడుతున్నాను. ప్రయాణంలో నెట్ లేనప్పుడు గిట్ లాగ్ -పీ కొడితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. గిట్ అంటే అంతా మన యంత్రంలోనే ఉంటుందని చదువుకున్నాం. ఇదేం న్యాయం?

జ: చదువుకున్నది నిజమే, ఫిల్టరు పెట్టేదాకా.

నెట్ లేనప్పుడు ఏవి నడుస్తాయో చెబుతాను. స్టేటస్ నడుస్తుంది. కమిట్ నడుస్తుంది. కొత్త బ్రాంచి తీయవచ్చు. మీరు మార్చినదానికీ చివరి కమిట్‌కీ తేడా చూడవచ్చు, ఆ బ్లాబ్‌లు చెకవుట్‌తోనే, అంటే ఫైళ్లను ఫోల్డరులో పరిచినప్పుడే, వచ్చేశాయి. మామూలు లాగ్ ఎంత వెనక్కైనా నడుస్తుంది. ఒక ఫైలు పేరిచ్చి దాన్ని మార్చిన కమిట్ల లాగ్ అడిగినా నడుస్తుంది, దానికి ట్రీలు చాలు.

లాగ్ -పీ ఆగుతుంది, అది మీరు చూశారు. బ్లేమ్ ఆగుతుంది. ఒక మాట ఎప్పుడు చేరిందో వెతికే లాగ్ -ఎస్ (ఈ ఒక్క ఎస్‌ను మాత్రం పెద్ద అక్షరంలో కొట్టాలి) ఆగుతుంది. మీరు ఇంకా తెరవని బ్రాంచికి మారడం, దాన్ని మెర్జ్ చేయడం ఆగవచ్చు. చాలామంది ఊహించనిది లాగ్ --స్టాట్. ఫైళ్ల పేర్లూ సంఖ్యలే కదా చూపించేది అనుకుంటాం. ఆ సంఖ్యలు చేరిన, పోయిన వరుసల లెక్క, లోపలి సరుకు చూడకుండా ఆ లెక్క రాదు. పేర్లే చాలనుకుంటే --నేమ్-ఓన్లీ పెట్టండి. దానితో పాటు --నో-రీనేమ్స్ కూడా పెట్టండి. లేకపోతే ‘ఈ ఫైలు పేరు మారిందా’ అని పోల్చి చూడటానికి గిట్ మళ్లీ బ్లాబ్‌ల కోసమే వెళుతుంది.

బయలుదేరే ముందే సరుకంతా దించుకోవాలంటే గిట్ 2.49లో, అంటే 2025 మార్చిలో, బ్యాక్‌ఫిల్ అనే కమాండ్ వచ్చింది. గిట్ బ్యాక్‌ఫిల్ అని కొడితే మీ ప్రస్తుత బ్రాంచి చరిత్రలో లోటుగా ఉన్న బ్లాబ్‌లను ఒక్కొక్కటిగా కాక కట్టలుగా తెస్తుంది. ఇంకా ప్రయోగ దశలో ఉన్న కమాండ్ అని దాని పేజీలోనే రాశారు, అది గుర్తుంచుకోండి. మీ గిట్ పాతదైతే, 2.36 నుంచి ఉన్న ‘గిట్ ఫెచ్ --రీఫెచ్ --నో-ఫిల్టర్’ దారి ఒకటుంది. అది పూర్తి క్లోన్ చేసినంత పని చేస్తుంది, మీ దగ్గర ఉన్నవి కూడా మళ్లీ దించుతుంది. ఇక మీదట కూడా ఫిల్టరు వద్దనుకుంటే పార్షియల్‌క్లోన్‌ఫిల్టర్ అమరికను తీసేయండి. దాని పక్కనున్న ప్రామిసర్ అమరికను మాత్రం ముట్టుకోకండి. ఎక్కడైనా ఒక్క బ్లాబ్ రాకుండా మిగిలిపోయి ఉంటే మొదటికే మోసం వస్తుంది.

ప్ర: బ్లాబ్:నన్‌కు మారినప్పటి నుంచి నా ఎడిటర్ నత్తనడక నడుస్తోంది. ఏ ఫైలు తెరిచినా కాసేపు బిగుసుకుపోతోంది. గిట్‌కూ ఎడిటర్‌కూ సంబంధం ఉంటుందా?

జ: ఉంటుంది. ప్రతి వరుస చివరా ‘ఫలానావారు, మూడు నెలల కిందట’ అని చూపించే ప్లగిన్ పెట్టుకున్నారా? అది మీరు ఫైలు తెరిచిన ప్రతిసారీ మీకు తెలియకుండా బ్లేమ్ నడుపుతుంది. బ్లేమ్ ఒక పాత రూపం చూసి, తర్వాత ఏది కావాలో అప్పుడు తేల్చుకుని, దాన్ని అడుగుతుంది. అందుకే బ్లాబ్‌లు ఒకేసారి కాక ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి. వందలసార్లు మారిన ఫైలైతే సర్వర్‌కు అన్ని రాకపోకలు. దిగే సైజు కొంచెమే, కాలమంతా ఆ రాకపోకల్లో పోతుంది. ప్లగిన్‌లో ఆ సదుపాయం ఆపేయండి, లేదా పై జవాబులోని బ్యాక్‌ఫిల్ ఒకసారి నడపండి. డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు కూడా ఒక మాట: మీ పేజీలో ఎడిటర్ ప్రస్తావన లేకపోతే పాఠకుడు గిట్‌ను వదిలేసి ఎడిటర్‌నే అనుమానిస్తాడు.

ప్ర: ట్రీ:0 ఇంకా తక్కువ దించుతుందట. అందరికీ అదే రాసేయవచ్చు కదా?

జ: రాయకండి. ట్రీ:0లో కమిట్లు మాత్రమే వస్తాయి, ట్రీలు కూడా సర్వర్ దగ్గరే ఉంటాయి. ఒక ఫైలు చరిత్ర అడిగారంటే, ఏ కమిట్‌లో అది మారిందో తెలియడానికి ప్రతి కమిట్‌కూ ట్రీ కావాలి. లైనక్స్ కెర్నెల్ రిపాజిటరీలో పది లక్షలకు పైగా కమిట్లున్నాయి. అక్కడ ఆ పని చేసి చూస్తే మీ తల ప్రాణం తోకకొస్తుంది, సర్వర్ నిర్వాహకుడిది కూడా. కమిట్ల వరుస మాత్రమే కావలసిన బిల్డ్ యంత్రాలకు, అంటే వెర్షన్ సంఖ్య లెక్కకట్టడం వంటి పనులకు, ట్రీ:0 బాగుంటుంది. మనుషులకు కాదు.

ప్ర: మీ సలహా ప్రకారం డాక్యుమెంటేషన్‌లో ఇచ్చే ప్రతి కమాండ్‌నూ ముందు నేనే నడిపి చూస్తున్నాను. నా యంత్రంలోనే ఒక రిపాజిటరీ పెట్టుకుని, దాని ఫోల్డరు దారి ఇచ్చి ఫిల్టరుతో క్లోన్ చేస్తే ఏ తేడా కనిపించడం లేదు. సైజు అంతే ఉంది. ఫిల్టరు పని చేయదా?

జ: పని చేస్తుంది, మీరు దానికి పని చెప్పలేదు. ఫోల్డరు దారి నేరుగా ఇస్తే గిట్ సర్వర్‌తో మాట్లాడే తంతు అంతా వదిలేసి ఫైళ్లనే నకలు తీస్తుంది. ఫిల్టరును పట్టించుకోవడం లేదని, దారికి ముందు ‘ఫైల్’ అని, కోలన్, రెండు ఏటవాలు గీతలు (స్లాష్‌లు) పెట్టి ఇవ్వమని హెచ్చరిక కూడా వేస్తుంది. ఒక్క వరుసే, దిగుమతి లెక్కల మధ్యలో కొట్టుకుపోతుంది. దారిని అలా ఇవ్వండి, మూలంగా వాడుతున్న రిపాజిటరీలో ‘అప్‌లోడ్‌ప్యాక్.అలౌఫిల్టర్’ను ట్రూ చేయండి. అప్పుడు తేడా చూస్తారు.

ఆ రెండోది చేయకపోతే ఇంకో హెచ్చరిక వస్తుంది: సర్వర్‌కు ఫిల్టరింగ్ తెలియదు, పట్టించుకోవడం లేదు అని. చివరికి క్లోన్ మాత్రం విజయవంతంగా పూర్తవుతుంది, పూర్తి సైజులో! ఇది నిజమైన సర్వర్ల దగ్గర కూడా జరుగుతుంది. ‘మీ పద్ధతి పాటించాను, అయినా అంతే సేపు పట్టింది’ అని ఎవరైనా వస్తే నేను ముందు అడిగేది వాళ్ల టెర్మినల్లోని మొదటి పది వరుసలు. ఈ హెచ్చరికలు రెండింటినీ మీ పేజీలో ఉన్నవున్నట్టు అచ్చుగుద్దండి. జనం వెతికేది ఆ మాటలతోనే.

సర్వర్ వైపు రాసేవారికి కూడా ఇక్కడే చెబుతాను. అన్ని ఫిల్టర్లకూ తలుపులు బార్లా తెరవాల్సిన పని లేదు. ‘అప్‌లోడ్‌ప్యాక్‌ఫిల్టర్’ పేరుతో మొదలయ్యే అమరికలతో బ్లాబ్:నన్‌ను ఒప్పుకుని మిగతావాటిని కాదనవచ్చు, ట్రీకి ఎంత లోతు దాకా ఇవ్వాలో హద్దు పెట్టవచ్చు. ఏవి ఒప్పుకున్నారో డాక్యుమెంటేషన్ రాసేవారికి చెప్పండి. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటే, పేజీలో ఒకటి, సర్వర్‌లో మరొకటి.

ప్ర: బ్లాబ్:నన్ పెట్టినా నా ఫోల్డరులో అన్ని ఫైళ్లూ ఉన్నాయి. నాకు కావలసింది రెండు ఫోల్డర్లే. ఎక్కడ తప్పాను?

జ: తప్పలేదు, అది వేరే పనిముట్టు. ఫిల్టరు చూసేది సర్వర్ నుంచి ఏ వస్తువులు దిగాలన్నది. మీ ఫోల్డరులో ఏ ఫైళ్లు పరవాలన్నది స్పార్స్-చెకవుట్ పని. క్లోన్‌లో ఫిల్టరుతో పాటు --స్పార్స్ కూడా ఇవ్వండి. మొదట పైస్థాయి ఫైళ్లు మాత్రమే కనిపిస్తాయి. లోపలికి వెళ్లి ‘గిట్ స్పార్స్-చెకవుట్ సెట్’ అని, మీ రెండు ఫోల్డర్ల పేర్లు ఇవ్వండి. వాటి బ్లాబ్‌లు అప్పుడు దిగుతాయి, మిగతావాటి జోలికి గిట్ పోదు. ఈ రెండూ కలిస్తేనే పెద్ద రిపాజిటరీలో అసలు సుఖం. ఒకటి చెప్పి రెండోది వదిలేసిన పేజీ కన్నా రెండూ చెప్పి, ఏది దేనికో చెప్పని పేజీ ఎక్కువ చిక్కు తెస్తుంది. వేర్వేరు పేరాల్లో రాయండి.

ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే కొంత ఓపిక వస్తుంది. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ కోడును గిట్‌లోకి తెచ్చినప్పుడు ఆ రిపాజిటరీ సుమారు 300 జీబీ, 35 లక్షల ఫైళ్లు. మామూలు గిట్ దానికి చేతులెత్తేసింది. వాళ్లు ముందు ఫైల్ సిస్టమ్‌నే మాయచేసే ఒక పద్ధతి తెచ్చారు: ఫైళ్లు ఉన్నట్టే కనిపిస్తాయి, తెరిస్తేనే దిగుతాయి. గిట్‌లోనే పార్షియల్ క్లోన్ 2018 ఏప్రిల్‌లో 2.17తో మొదలైంది, స్పార్స్-చెకవుట్ కమాండ్ 2020 జనవరిలో 2.25తో వచ్చింది. ఈ రెండింటినీ కలిపి, వెనకాల నిర్వహణ పనులు కూడా చేసిపెట్టే స్కేలార్ 2022 అక్టోబరులో 2.38లో చేరింది. ‘స్కేలార్ క్లోన్’ అని ఒక్క మాట కొడితే ఫిల్టరు, స్పార్స్ రెండూ అమరిపోతాయి. కొత్తవాళ్లకు రాసేటప్పుడు నేను ముందు దీన్నే పెడతాను.

అందుకే పేజీ పైన ‘ఈ వెర్షన్ గిట్‌తో పరీక్షించాం’ అని సంఖ్య వేయండి. స్పార్స్-చెకవుట్‌లో ఫోల్డర్ల పేర్లతో నడిచే కోన్ పద్ధతి 2.37 నుంచి తనంతట తానే అమలవుతుంది, అంతకు ముందు మనం అడగాలి. అదే కమాండ్ రెండు యంత్రాల్లో రెండు రకాలుగా నడిచిందని వచ్చే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఇలాంటిదే ఉంటుంది.

ప్ర: మా పాత ప్రాజెక్టు సర్వర్‌ను ఈ ఏడాది మూసేస్తున్నారు. నా దగ్గర బ్లాబ్:నన్ క్లోన్ ఉంది. అదే బ్యాకప్‌గా దాచుకుంటే సరిపోతుందా?

జ: సరిపోదు. సర్వర్ మూతపడిన మర్నాటి నుంచి మీ దగ్గర ఉండేది కమిట్ సందేశాలు, ఫైళ్ల పేర్లు, మీరు తెరిచిన కొన్ని ఫైళ్లు. మిగతాది ఇస్తానన్న సర్వరే ఉండదు. సర్వర్ ఉన్నా, ఎవరైనా బ్రాంచిని బలవంతంగా తిరగరాసి పాత వస్తువులను ఊడ్చేస్తే ఆ బ్లాబ్‌లకు అదే గతి.

సర్వర్ ఇంకా నడుస్తున్నప్పుడే ఏ ఫిల్టరూ లేకుండా ‘గిట్ క్లోన్ --మిర్రర్’ చేయండి, మీ పాత క్లోన్ నుంచి కాదు, సర్వర్ నుంచే. అయ్యాక దాని లోపలికి వెళ్లి ‘గిట్ రెవ్-లిస్ట్ --ఆబ్జెక్ట్స్ --ఆల్ --మిస్సింగ్=ప్రింట్’ నడిపి, ప్రశ్నార్థకంతో మొదలయ్యే వరుసలు వెతకండి. లోటుగా ఉన్న ప్రతి వస్తువూ అలా కనిపిస్తుంది. ఇదే కమాండ్‌ను మీ బ్లాబ్:నన్ క్లోన్‌లో కూడా ఒకసారి నడిపితే ఎంత లోటుందో మీకే తెలుస్తుంది. మిర్రర్‌లో ఒక్క వరుసా రాకపోతే దాన్ని దాచుకోండి. పెద్ద ఫైళ్ల కోసం మీ ప్రాజెక్టు ఎల్‌ఎఫ్‌ఎస్ (వాటిని గిట్ వస్తువుల బయట వేరుగా దాచే పొడిగింపు) వాడుతుంటే అవి ఈ లెక్కలోకి రావు, మిర్రర్‌లోనే ‘గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్ --ఆల్’ కూడా నడపండి. సర్వర్ మూసే తేదీకి వారం ముందే ఈ పని ముగించండి, చివరి రోజు అందరూ ఇదే పని మీద ఉంటారు.